ఓడ పేరు చెరిపిన రోజు

ఉత్తరం మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. "బావా," అని రాసి, పక్కన కామా పెట్టి, పెయింటర్ పెన్సిలు చివర నములుతూ కూర్చున్నాడు.

కూర్చున్నది రేవు గోదాములో. ఒకప్పుడు అందులో పత్తి బేళ్లు నిలవ చేసేవారట; గోడల పగుళ్లలో ఇంకా దూది పోగులు వేలాడుతున్నాయి. ఇప్పుడు బేళ్లు ఉండాల్సిన చోట మనుషులు. వరసగా పరుపులు, పరుపుకొక సంచి, సంచికి ఆనించి ఒక తుపాకీ. మధ్యాహ్నం నుంచి ఓడ ఎక్కించడం మొదలు. పొద్దున్నే సార్జెంటు వచ్చి మనిషికొక కాగితం పంచి, "రాసుకునేదేదో ఇవాళే రాసుకోండి. సాయంత్రానికల్లా నా చేతిలో ఉండాలి. సముద్రంలో పోస్టు డబ్బాలుండవు" అని చెప్పి వెళ్లాడు.

అంతే, అంత గోదామూ పరీక్ష హాలయిపోయింది. ఎప్పుడూ నోరు మూయనివాళ్లు కూడా తలలు వంచుకుని రాస్తున్నారు.

పక్క పరుపు మీది రొట్టెలవాడు అందరికన్నా ముందు ముగించాడు. సైన్యంలోకి రాకముందు అతనికి బేకరీ ఉండేది. తలుపంత మనిషి. కాగితం తెచ్చి పెయింటర్ ఒళ్లో పెట్టాడు.

"అన్నా, పైన అడ్రసు నువ్వు రాసి పెట్టు. నా అక్షరాలు చూస్తే పోస్టుమాన్ ఇది చీమలు పాకిన కాగితం అనుకుంటాడు."

ఇతను ఊళ్లో బోర్డులు రాసేవాడని శిక్షణ రోజుల్లోనే అందరికీ తెలిసిపోయింది. పేరు మరుగునపడి పెయింటర్ అనే పిలుపు మిగిలింది. పొద్దుట్నుంచి ఇదే వరస. ఒకడు తల్లికి, ఒకడు పెళ్లానికి, ఒకడు పెళ్లానికి రాయడానికి భయపడి బావమరిదికి. అందరి అడ్రసులూ గుండ్రంగా, ముచ్చటగా రాసిచ్చాడు. తన కాగితం మీద మాత్రం "బావా," దగ్గరే ఉన్నాడు.

బావ అంటే వరసకు బావ కాడు. చుట్టరికం అసలే లేదు. చిన్నతనంలో ఇద్దరూ ఒకే బోర్డుల దుకాణంలో పనికి కుదిరారు. ముసలి యజమానికి పేర్లు గుర్తుండేవి కావు, ఇద్దర్నీ "ఒరేయ్" అనే పిలిచేవాడు. ఎవర్ని పిలిచినా ఇద్దరూ పరిగెత్తుకెళ్లి, ఇద్దరూ తిట్లు తినేవారు. ఆ తిట్లు పంచుకున్న చనువులో ఒకరినొకరు బావా అనుకోవడం మొదలెట్టారు. ఇద్దరిలో ఎవరికీ అక్కాచెల్లెళ్లు లేరు కాబట్టి ఆ వరస నిజమయ్యే ప్రమాదం కూడా లేకపోయింది. యజమాని పోయాక దుకాణం ఇద్దరిదీ అయింది.

బావ చెయ్యి దేవుడు ప్రత్యేకంగా చేసిన చెయ్యి. గీత గీస్తే దారం పట్టినట్టుండేది. తలకట్టు పెడితే అక్షరానికి ప్రాణం వచ్చేది. ఒక్కటే లోపం, రంగులు అతని కంటికి ఆనవు. ఎరుపూ పచ్చా అతనికి ఒకటే. అందుకని బావ అక్షరాలు రాస్తే ఇతను రంగులు అందించేవాడు. "ఇద్దరం కలిస్తే ఒక పెయింటరు" అని వాళ్లే నవ్వుకునేవారు. ఒకసారి ఇతను జ్వరంతో పడుకుంటే బావ ఒక్కడే వెళ్లి కూరగాయల కొట్టు బోర్డు వేసొచ్చాడు. టమోటాలు పచ్చగా, వాటి కాడలు ఎర్రగా వచ్చాయి. కొట్టాయన నెత్తి కొట్టుకున్నాడు గానీ, ఆ బోర్డు చూడ్డానికి వచ్చినవాళ్లతో వారం రోజులు గిరాకీ ఊపందుకుంది.

యుద్ధానికి పిలుపొచ్చినప్పుడు ఇద్దరూ కలిసే వెళ్లారు. డాక్టరు రంగు రంగుల చుక్కలున్న పుస్తకం తీసి బావ ముందు పెట్టాడు.

"ఇందులో ఏ అంకె కనిపిస్తోంది?"

"అంకె లేదు సార్. కంకర ఉంది."

డాక్టరు పేజీ తిప్పాడు. "ఇందులో?"

"ఇంకొంచెం కంకర."

బావను వద్దన్నారు. ఇతన్ని తీసుకున్నారు. బయటికొచ్చాక బావ మెట్ల మీద కూలబడ్డాడు. "ఎర్రజెండాకీ పచ్చజెండాకీ తేడా తెలియదని వద్దన్నార్రా. నన్ను తీసుకుపోయుంటేనే మంచిదయ్యేది. ఎవడు మనవాడో ఎవడు పరాయివాడో తేల్చుకునేలోపు యుద్ధమే అయిపోయేది" అన్నాడు. నవ్వాలని చూశాడు గానీ నవ్వు రాలేదు.

అలాంటివాడికి ఏం రాయాలి? అమ్మకు రాయడం తేలిక. బాగున్నాను, బాగా తింటున్నాను, బెంగపెట్టుకోకు. అది పొద్దున్నే రాసేశాడు. బావకు ఆ మాటలు సరిపోవు. గీత ఎక్కడ వణికిందో దూరం నుంచే పట్టేసే మనిషి, మాట ఎక్కడ వణికిందో పట్టడా? నిజం రాద్దామంటే, నిజం ఒక్కటే ఉంది. భయంగా ఉంది. ఈ రేవుకొచ్చినప్పట్నుంచీ అది వదలడం లేదు. అది బావకు రాస్తే, ఆ మనిషి అక్కడ ఒంటరిగా దుకాణంలో కూర్చుని ఆ భయాన్ని తన మీద వేసుకుంటాడు.

అప్పుడు సార్జెంటు గుమ్మంలోకొచ్చి అరిచాడు. "మీలో రంగులెయ్యడం వచ్చినవాడెవడైనా ఉన్నాడా?"

ఇలాంటప్పుడు చెయ్యెత్తకూడదని సైన్యంలో చేరిన మొదటి రోజే ప్రతివాడూ నేర్చుకుంటాడు. పెయింటర్ కదల్లేదు. రొట్టెలవాడే ఇతని మోచెయ్యి పట్టుకుని గాల్లోకి లేపాడు.

"ఇదిగో సార్, ఇక్కడున్నాడు!"

"నీ రొట్టె మాడిపోనూ," అని గొణిగి పెయింటర్ లేచాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

గోదాము తలుపు దాటి మలుపు తిరగ్గానే ఎదురుగా గోడ అడ్డమొచ్చింది. బూడిద రంగు గోడ, ఎడమ చివరా కనిపించడం లేదు, కుడి చివరా కనిపించడం లేదు. ఏదో ఫ్యాక్టరీ కాబోలు అనుకుంటూ సార్జెంటు వెనకే నడిచాడు. ఎంత నడిచినా గోడే.

"ఓడ ఎక్కడ సార్?" అనడిగాడు చివరికి.

సార్జెంటు ఆగి అతని మొహం వంక చూశాడు. "నీ ముక్కు ముందున్నదేంట్రా?"

పెయింటర్ తలెత్తాడు. ఇంకా ఎత్తాడు. టోపీ జారి వెనక పడింది. గోడకు మేకుల వరసలు, మేకుల వరసల పైన గుండ్రటి కిటికీలు, వాటి పైన ఇంకో వరస, ఎక్కడో ఆకాశం మొదలయ్యే చోట ఇనప కటకటాలు, వాటి వెనక చీమల్లా మనుషులు. పైన మబ్బులు కదులుతుంటే ఆ గోడే తన మీదకు ఒరుగుతున్నట్టనిపించి రెండడుగులు వెనక్కేశాడు. ఇది నీళ్ల మీద తేలుతుందా? ఇంత ఇనుమా? జీవితంలో అతను గీసిన పడవలన్నీ గుర్తొచ్చాయి. పడవల కొట్టుకూ, చేపల కొట్టుకూ అన్నీ అరటిదొన్నెల్లా గీశాడు. సిగ్గేసింది.

ఓడ వెనక భాగంలో ఒక ముసలి సరంగు ఎదురుచూస్తున్నాడు. ఓడ మీది తాళ్లకీ కళాసీలకీ ఆయనే పెద్ద. తెల్ల గడ్డం, చేతులు తాళ్లలాగే ముడులు తేలి ఉన్నాయి.

"నువ్వేనా అబ్బాయ్ పెయింటరువి? అదిగో, ఆ పేరు చెరపాలి" అని పైకి చూపించాడు.

ఓడ వెనకవైపు, నీళ్లకు చాలా ఎత్తున, దాని పేరు. ఒక్కొక్క అక్షరం ఇతనికన్నా పొడుగు. మీగడ రంగు అక్షరాలు, అంచుకు సన్నటి నల్ల గీత.

"యుద్ధంలోకి వెళ్లే ఓడకు పేరుండకూడదట. ఇన్నాళ్లూ ప్రయాణికుల్ని తిప్పింది. ఒళ్లంతా తెల్లగా, పెళ్లికూతురిలా ఉండేది. మొన్నామధ్య బూడిద రంగు పూసేశాం. పేరు దగ్గరికొచ్చేసరికి మావాళ్లలో ఒక్కడూ బ్రష్షు పట్టనన్నాడు."

"మీరెయ్యొచ్చుగా తాతా?"

"నేనా?" సరంగు తన చేతులకేసి చూసుకున్నాడు. "మీసం రాకముందు ఎక్కాను దీన్ని. అన్నం పెట్టిన తల్లి పేరు నేనెలా చెరుపుతాను? చెయ్యాడదు."

రెండు తాళ్లకు కట్టిన పలక మీద ఇద్దరూ కూర్చున్నారు. పైనుంచి మెల్లగా దించారు. ఒకవైపు ఇనుము, ఇంకోవైపు శూన్యం, కాళ్ల కింద చాలా లోతున ఆకుపచ్చటి నీళ్లు. పెయింటర్ పడకుండా ఆసరా కోసం ఓడ మీద అరచెయ్యి ఆనించాడు. ఇనుము వెచ్చగా ఉంది. లోపల్నుంచి సన్నగా, ఎడతెగకుండా ఒక అదురు. ఎద్దు పక్కటెముకల మీద చెయ్యి వేసినట్టుంది.

"అది ఇంజను. రేవులో ఉన్నా ఊపిరి ఆపదు" అన్నాడు సరంగు.

మొదటి అక్షరం దగ్గర బ్రష్షు ముంచి కూడా పెయింటర్ కాసేపు వెయ్యలేకపోయాడు. ఎవరు రాశారో మహానుభావుడు! ఇలాగే గాల్లో వేలాడుతూ, నీళ్ల గాలికి ఊగుతూ, ఆ అక్షరం పొట్ట వంపు ఒక్క చోట కూడా తొట్రుపడకుండా తిప్పాడు. బావ చూస్తే ఈ అక్షరానికి దణ్ణం పెట్టేవాడు. "క్షమించు గురువా" అని పైకే అనేసి బ్రష్షు ఆనించాడు.

తంటా అప్పుడు మొదలైంది. బకెట్లో ఇచ్చిన బూడిద రంగు కొత్తది. ఓడకు పూసినది అప్పటికే ఎండకూ ఉప్పుగాలికీ రంగు మారింది. అక్షరం మీద పూస్తే అక్షరం పోయింది గానీ దాని ఆకారం మాత్రం మచ్చలా అలాగే నిలబడింది. దూరం నుంచి చూసేవాడు హాయిగా చదువుకోవచ్చు.

"తాతా, కొంచెం నలుపు, కొంచెం తెలుపు, కాస్త పొగమసి తెప్పించగలవా?"

తెప్పించాడు. పెయింటర్ కలిపాడు. కుదరలేదు. మళ్లీ కలిపాడు. ముదురైంది. ఎదురుగా ఉన్న ఇనుమంతా తన కంటికి ఒకే బూడిదగా కనిపిస్తోంది, దాంట్లో ఏది కావాలో తెలియడం లేదు. ఇన్నేళ్లుగా రంగులు అందించిన మొనగాడు, ఇంత చిన్న రంగు దగ్గర బోర్లాపడ్డాడు.

అప్పుడు బావ మాట గుర్తొచ్చింది. ఒకసారి వానకు ఒక కొట్టు అరుగు మీద ఇరుక్కుపోయారిద్దరూ. ఎదురుగా రంగులేని సిమెంటు గోడ. బావ దాన్నే కళ్లప్పగించి చూస్తుంటే, ఏముందిరా అక్కడ, అనడిగాడు. "నీకేం తెలుస్తుంది? నీకు ఎరుపులూ పచ్చలూ అడ్డమొస్తాయి" అన్నాడు బావ. "అదుగో, అక్కడ పావురం రెక్క. దాని కింద కాలిన కాగితం. ఆ మూల, వాన దిగే ముందు మబ్బు. చూడు, గోడ నిండా ఎంతమంది ఉన్నారో." ఆరోజు అది వేళాకోళమనుకున్నాడు.

పలక మీద కూర్చుని పెయింటర్ కళ్లు సగం మూశాడు. తెలిసిన రంగుల పేర్లన్నీ మనసులోంచి నెట్టేసి ఊరికే చూశాడు. మొదట ఏమీ కనపడలేదు. తర్వాత ఒకటి విడివడింది. దాని పక్కన ఇంకొకటి. సీసం రంగు. తడిసిన గచ్చు. పొయ్యిలోంచి తీసిన వెచ్చటి బూడిద. కత్తి అంచు. వెలిసిన వెండి. ఇనప గోడ ఒక్కసారిగా గోడ కాకుండా పోయింది, మబ్బుల్నిండిన ఆకాశంలా లోతుగా తెరుచుకుంది. పక్కకి చూస్తే సరంగు గడ్డంలోనూ అవే. నీళ్ల మీదా అవే. దూరాన సముద్రమూ ఆకాశమూ కలిసే చోట, లెక్కకందనన్ని.

అతని ఒళ్లు జలదరించింది. బావ రోజూ చూసేది ఇదా? పాపం, రంగులు ఆనవని ఇన్నేళ్లూ జాలిపడ్డానే ఆ మనిషి మీద!

ఆ తర్వాత చెయ్యి దానంతటదే నడిచింది. ఒక్కో అక్షరమూ పొగమంచులోకి నడిచిపోయే మనిషిలా మాయమైంది. సరంగు ఒక్కొక్కదాన్నీ చూస్తూ, పోయినప్పుడల్లా పెదవి కదిపి ఆ అక్షరాన్ని పలుకుతున్నాడు. ఈలోగా ముందువైపు నుంచి సైనికుల్ని ఎక్కించడం మొదలైంది. బూట్ల చప్పుడు, కేకలు, పెట్టెలెత్తే క్రేన్ల గొలుసుల మోత. పై అంతస్తుల కటకటాల పొడవునా తలలు నిండాయి. ఎవడో పైనుంచి, "ఏం పెయింటరూ, నా పేరు రాస్తావా అక్కడ?" అని అరిచాడు. ఆ గొంతు రొట్టెలవాడిది.

ఆఖరి అక్షరం సగంలో ఉండగా కాళ్ల కింద నీళ్లు నల్లబడ్డాయి.

మబ్బు నీడ అనుకున్నాడు. కాని నీడ కిందనుంచి పైకి వస్తోంది. నీళ్లు నూనె పోసినట్టు నునుపుతేలి, ఉబ్బి, మెల్లగా పక్కలకు జారాయి. మధ్యలోంచి ఒక వీపు లేచింది. లేచి ఆగలేదు. వస్తూనే ఉంది. తడిసిన రాతి బాటలా, పొడవునా, ఓడ నీడలోంచి ఎండలోకి.

"కదలకు" అన్నాడు సరంగు ఊపిరి బిగబట్టి. "తిమింగలం."

బుస్సుమని ఒక్క ఊపిరి. బట్టీ తలుపు తెరిచినట్టయింది. వాన కిందనుంచి పైకి కురిసింది. పలకా, బకెట్లూ, ఇద్దరి మొహాలూ తడిసిపోయాయి. ఆ ఊపిరి వెచ్చగా ఉంది, పాతకాలపు లోతుల వాసన వేసింది. పెయింటర్ మొహం తుడుచుకోలేదు. చేతులకు ఆ సంగతే గుర్తు రాలేదు.

చప్పుళ్లు ఒక్కొక్కటే ఆగడం అతను విన్నాడు. ముందు వెనకవైపు కటకటాల దగ్గరి కేకలు. తర్వాత మధ్య అంతస్తులు. ఆ నిశ్శబ్దం ఓడ పొడవునా పాకి, నిచ్చెన దిగి, రేవు మీదికి వెళ్లింది. నడుస్తున్న బూట్లు ఆగాయి. చివరికి క్రేను తోలేవాడు కూడా చూసినట్టున్నాడు, గొలుసు కీచుమని ఆగి, పెట్టె గాల్లోనే ఉండిపోయింది. అన్ని వేల మంది మనుషులు, అన్ని తుపాకులు, ఒక్క దగ్గు కూడా లేదు. నీళ్లు రేవు గోడకు తగిలే తప తప తప్ప ఇంకేమీ లేదు.

తిమింగలం ఓడ పక్కనే మెల్లగా సాగింది. దీన్ని కొలుస్తున్నట్టుగా, ఎవరమ్మా నువ్వు అని పలకరిస్తున్నట్టుగా. వీపు మీద తెల్లటి గీతలు, పాత దెబ్బలు, నత్తగుల్లలు అంటుకుని ఉన్నాయి. కొంతదూరం వెళ్లి, తిరిగి, మళ్లీ పలక కిందికే వచ్చింది. పక్కకి ఒరిగింది. అప్పుడు కన్ను కనిపించింది.

అంత ఒంటికి ఎంతో చిన్న కన్ను. చుట్టూ ముడతలు. అది పెయింటర్ని చూసింది. చూపు అటూ ఇటూ పోలేదు. భయపెట్టలేదు, బతిమాలలేదు, ఏమీ అడగలేదు. ఊరికే చూసింది, తీరిగ్గా, ఎప్పటినుంచో ఉన్నవాళ్లు కొత్తగా వచ్చినవాళ్లను చూసినట్టు. పెయింటర్‌కు తను ఎక్కడున్నాడో, ఎందుకున్నాడో, ఒంటిమీది బట్టలేమిటో ఏదీ తోచలేదు. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయని కూడా తర్వాతే తెలిసింది.

తర్వాత అది మునిగింది. ఉబ్బు మెల్లగా రేవు నోటి వైపు జరిగిపోయింది. చాలా దూరాన తోక ఒకసారి లేచి, నిలబడి, చప్పుడు లేకుండా లోపలికి వెళ్లింది.

ముందుగా ఎవడో నవ్వాడు, పసిపిల్లాడి నవ్వు. ఆ వెంటనే అందరూ ఒక్కసారి గోలగోలగా మొదలెట్టారు. రేవు మీద సార్జెంటు టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడు తీశాడో ఆయనకే తెలియనట్టుంది. చూసుకుని, గబుక్కున పెట్టుకుని, పక్కవాడి మీద అరిచాడు.

"ఇన్నేళ్లున్నాను నీళ్ల మీద" అన్నాడు సరంగు. బ్రష్షు పెయింటర్ చేతిలోంచి తీసుకుని, మిగిలిన సగం అక్షరాన్ని ఆయనే మెల్లగా పూర్తిగా కప్పేశాడు.

పైకొచ్చి, ఓడ దిగి, పెయింటర్ రేవు మీద ఒక తాళ్ల చుట్ట చూసుకుని దాని మీద కూర్చున్నాడు. జేబులోంచి కాగితం తీశాడు, అది తడిసి మళ్లీ ఆరింది. "బావా," తర్వాత పెన్సిలు ఆగకుండా పరిగెత్తింది.

"బావా, ఇవాళ ఓడ పేరు చెరిపాను. చెరపడంలో ఇంత పనుంటుందని నాకు తెలియదురా. నువ్వు చెప్పిన పావురం రెక్క, కాలిన కాగితం, అన్నీ కనపడ్డాయి. ఒట్టు. ఇన్నాళ్లూ నీకు రంగులు అందిస్తున్నానని పొంగిపోయాను, నీ దగ్గరేమో ఇంత ఆస్తి ఉంది! వాటిని చూస్తుండగా కింద నీళ్లల్లోంచి ఒక తిమింగలం వచ్చింది. బొమ్మల పుస్తకంలో ఉండేది కాదురా అది. మన వీధి మొదట్నుంచి మందుల కొట్టు దాకా పొడుగుంది. దాని ఒంటి మీద ఒక్క రంగు లేదు, అన్నీ నీవే. నిన్ను తలుచుకుని నీ కోసం చూశాను, ఒక్కటీ వదలకుండా. రేవంతా నోరు మూసుకుంది. మా సార్జెంటు కూడా. అది నన్నూ ఓడనూ చూసింది బావా. భయం పోయిందని రాయను, నువ్వు నమ్మవు. ఉంది. కానీ అది వచ్చి వెళ్లినంతసేపూ నేను భయపడుతున్న సంగతి నాకు గుర్తే లేదు. ఇంత పెద్దది కూడా ఈ లోకంలో ఉందని, నా పాటికి నేను బోర్డులు రాసుకుంటుంటే అది దాని పాటికి అక్కడ ఈదుతోందని, నాకెవరూ చెప్పలేదేంరా?"

కాగితం అయిపోయింది. అంచుల మీద కూడా రాసి, ముగింపు లేకుండానే ఇచ్చేశాడు.

సాయంత్రం ఓడ ఎక్కబోతుంటే కబురొచ్చింది, లెఫ్టినెంటు గారు రమ్మంటున్నారని. రేవు ఆఫీసులో చిన్న గది. బల్ల మీద ఉత్తరాల గుట్ట, పక్కన గడ్డం గీసుకునే బ్లేడు. కళ్లద్దాలు పెట్టుకున్న కుర్ర ఆఫీసరు. ఎవరి ఉత్తరంలోనైనా శత్రువుకు పనికొచ్చే ముక్క ఉంటే కోసెయ్యడం ఆయన డ్యూటీ.

"నువ్వేనా బావకు రాసింది?"

"అవును సార్."

"ఓడ పేరు చెరిపానని రాశావు. రేవులో ఉన్నామని రాశావు. ఇవి పోకూడదని తెలియదా?"

"తెలుసు సార్. గుర్తు రాలేదు."

లెఫ్టినెంటు గుట్టలోంచి చేతికందిన కాగితాలు తీసి చూపించాడు. "నీ ఒక్కడికే కాదు, ఎవడికీ గుర్తు రాలేదు. వీడు చూడు, తిమింగలం. వీడూ తిమింగలం. ఈ రొట్టెలాయన పొద్దున్నే ముగించిన ఉత్తరం అంచున, దాని కన్ను బన్నంత ఉందని ఇరికించాడు. ఇంకొకడు మూడు తిమింగలాలొచ్చాయన్నాడు. మధ్యాహ్నం నుంచి బ్లేడు పట్టుకుని కూర్చున్నాను. తుపాకుల గురించి, రైళ్ల గురించి, వాతావరణం గురించి అన్నిటికీ నిబంధన ఉంది. తిమింగలం రహస్యమా కాదా అని ఏ పుస్తకంలోనూ లేదు."

పెయింటర్‌కు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. "తమరేమంటారు సార్? తమరూ చూశారుగా."

లెఫ్టినెంటు బ్లేడు కింద పెట్టాడు. "చూడలేదు" అన్నాడు. "ఈ గదికి కిటికీ అటువైపు లేదు. బయటంతా నిశ్శబ్దమైపోతే, పని అయిపోయిందేమో అనుకున్నాను. లేచి వెళ్లి చూడాలని తోచలేదు."

ఆ మాట అన్నప్పుడు ఆయన ఆఫీసరులా లేడు. అందరూ జాతరకెళితే ఇంట్లో ఉండిపోయిన పిల్లాడిలా ఉన్నాడు.

"నువ్వు అందరికన్నా దగ్గరున్నావట. కూర్చో" అని కుర్చీ చూపించాడు. "చెప్పు. మొదట్నుంచీ."

పెయింటర్ చెప్పాడు. నీళ్లు నల్లబడడం, వీపు లేచి ఆగకపోవడం, ఆ ఊపిరి వెచ్చన, గొలుసు ఆగిన కీచు, ఆ ముడతల కన్ను. చేతులు రెండూ చాపి చూపించబోయి, చాలక, ఊరుకున్నాడు. లెఫ్టినెంటు కళ్లద్దాలు తీసి చెవులప్పగించి విన్నాడు. మధ్యలో ఒకడు ఫైలు పట్టుకుని తలుపు తెరిస్తే చేత్తోనే వెళ్లిపొమ్మన్నాడు.

"నిన్నే చూసిందా? నిజంగా?"

"నిజంగా సార్."

ఆయన ఉత్తరం దగ్గరికి లాక్కుని చక్కగా, జాగ్రత్తగా కోశాడు. ఓడ అన్న మాట ఎక్కడున్నా పోయింది. రేవు పోయింది. సార్జెంటు పోయాడు. తిమింగలాన్ని మాత్రం ముట్టుకోలేదు. దీపానికి ఎత్తి చూస్తే కాగితం నిండా కిటికీలు, ఆ కిటికీల మధ్యలో అది ఒక్కటీ ఈదుతోంది.

"మిగతావాళ్లవీ అంతే చేస్తాను" అన్నాడు. "శత్రువు చదివితే చదువుకోనీ. వాడికీ తెలియాలిగా."

ఆ ఉత్తరం బావకు చేరింది. యుద్ధం ముగిసి, ఒక భుజం బిగుసుకుపోయి ఇతను దుకాణానికి తిరిగొచ్చినప్పుడు బావే చెప్పాడు. వీధంతా కూర్చోబెట్టి చదివాడట. మందుల కొట్టాయన, "ఎక్కడ చూశాడో లేదు, ఎలా చూశాడో లేదు, కలలో వచ్చుంటుంది" అని కొట్టిపారేశాడట. ఇతని అమ్మ కాగితం లాక్కుని, కోసిన కన్నాల్లో వేలు పెట్టి, "నా కొడుకు అబద్ధం రాయడు. ఈ చిల్లుల్లోంచి నిజం కారిపోయిందంతే" అందట. రొట్టెలవాడి ఉత్తరం కూడా వాళ్లింటికి చేరింది. అతను మాత్రం తిరిగి రాలేదు.

కానీ అవన్నీ తర్వాతి సంగతులు. మర్నాడు పొద్దున ఓడ కదిలినప్పుడు ఎవరికి ఏం రాసిపెట్టుందో ఎవరికీ తెలియదు. రేవు మీద బ్యాండు వాయించారు. సాగనంపడానికి వచ్చిన ఆడవాళ్లు రుమాళ్లు ఊపారు. అందరూ అటువైపుకొచ్చి చేతులూపాలి, ఎప్పుడైనా జరిగేది అదేనట. ఆ రోజు రేవు వైపు కటకటాల దగ్గర పట్టుమని పదిమంది లేరు. వేలమందీ సముద్రం వైపే చేరారు. ఒకడి భుజాల మీదుగా ఒకడు, తాళ్లెక్కి, ఓడకు కట్టిన పడవల మీదెక్కి, నీళ్లల్లోకి చూస్తున్నారు. పాపం బ్యాండువాళ్లు వీపులకు వాయించారు. కాసేపటికి ఓడ ఒక పక్కకు ఒరగడం మొదలెట్టింది. మైకులో కెప్టెన్ గొంతు వినపడింది, సగం మంది ఇటు రండి, ఓడ ఒరుగుతోంది అని. ఎవరూ కదల్లేదు. రెండోసారి ఆ గొంతు బతిమాలింది.

పెయింటర్ రొట్టెలవాడి పక్కన ఇరుక్కుని నిలబడ్డాడు. ఆ మనిషి చెయ్యి ఇతని భుజం మీద బరువుగా ఉంది. జనంలో కాస్త దూరంగా, తమతోనే బయల్దేరిన లెఫ్టినెంటు, కళ్లద్దాలు తుడుచుకుంటూ మునివేళ్ల మీద నిలబడి ఉన్నాడు. రేవు నోరు దాటారు. మొదటి పెద్ద అల ఓడను ఎత్తింది. నీళ్లు వెడల్పయ్యాయి, ఇంకా వెడల్పయ్యాయి, ఇక అంచన్నదే లేకుండా పోయింది. అంత సముద్రాన్ని ఒక్కసారిగా చూడ్డం అతనికి అదే మొదటిసారి.

"అదుగో!" అన్నాడెవడో. అందరూ ఊపిరి బిగబట్టారు.

అది అల.

అయినా ఎవరూ కటకటాలు వదల్లేదు.